రంపం తిన్న లెక్క

జూన్ 4

ఇది రాయొద్దనే అనుకున్నాను. ఈ పుస్తకం కొన్నది కొలతలు రాసుకోవడానికి. మొదటి పేజీలో "తలుపు, ఆరున్నర అడుగులు, ఎడమ చేతి వైపు" అని ఉంది. ఆ తలుపు ఎవరిదో, చివరికి ఏ చేతి వైపు తెరుచుకుందో ఇప్పుడు గుర్తు లేదు. మిగతా పేజీలన్నీ ఖాళీ. ఖాళీ కాగితం చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు, ఖాళీ కుర్చీ చూస్తే కొందరికి నడుము ఊరుకోనట్టు. అయినా రాసేవాణ్ణి కాదు. మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి ఉంటే పుస్తకం ఎందుకు? ఆ మనిషి పోయి నాలుగేళ్ళు. మా ఆవిడ ఉన్న రోజుల్లో నేను చెప్పేవాణ్ణి, ఆవిడ వినేది కాదు, అయినా నా గుండె బరువు దిగిపోయేది. పుస్తకమూ వినదు. అందుకని సరిపోతుందనిపించింది.

విషయం వకీలమ్మ గురించి. వకీలమ్మ అంటే నా మనవరాలు, ఎనిమిదేళ్ళు. ఆ పేరు నేను పెట్టిందే. "అన్నం తిని పడుకో" అంటే "తిన్న వెంటనేనా, కాసేపు ఆగా?" అని అడిగే పిల్లకి ఇంకో పేరు అతకదు. అలాంటి పిల్ల, పోయిన ఏడాది చివర్లో రెండు నెలలు నోరు విప్పలేదు. బడిలో బల్ల కింద వేళ్ళు పెట్టుకుని కూడికలు చేసేది. పంతులమ్మ చూసింది. "చేతులు బల్ల మీద పెట్టు" అంది. చేతులు బల్ల మీదికొచ్చాయి, లెక్కలు పోయాయి. లెక్క తప్పితే క్లాసంతా కూర్చుని ఉండగా ఈమె ఒక్కతే నిలబడాలి. నిలబడగా నిలబడగా మాట కూడా పోయింది. ముందు బడిలో, తర్వాత ఇంట్లో.

మా అమ్మాయి బడి మాన్పించి, కుట్టుమిషను పక్కనే ఓ పీట వేసి, తనే చదువు చెబుతోంది. నాలుగు నెలలకి వకీలమ్మ మళ్ళీ వాదించడం మొదలుపెట్టింది. కానీ ఇంట్లో చదివే పిల్లల్ని చూడ్డానికి ఏడాదికోసారి విద్యాశాఖ నుంచి ఆఫీసరమ్మ వస్తుంది. వచ్చే నెల ఇరవై ఎనిమిదిన మా ఇంటికి. మూడో తరగతి లెక్కలు వచ్చాయా, సరే. రాలేదా, మళ్ళీ ఆ బడి, ఆ బల్ల, ఆ నిలబడటం.

ఈ రోజు అమ్మాయి ఓ పుస్తకంలో బొమ్మలు చూపించింది. లెక్కలు చేతులతో నేర్చుకునే చెక్కల పెట్టె. ఒకట్లకి చిన్న చిన్న ముక్కలు, పదికి ఓ బద్ద, వందకి ఓ పలక. పిల్ల చేత్తో పట్టుకుని కూడొచ్చు, తీసెయ్యొచ్చు. ధర చూసి అమ్మాయి పేజీ తిప్పేసింది.

"తిప్పకు. దీనికి కొనడం కూడానా? నలభై ఏళ్ళు చెక్క కోసినవాణ్ణి, బొమ్మ ముక్కలు కోయలేనా?" అన్నాను.

"కోస్తావా నాన్నా? చిన్న పనే, కానీ కొలత కచ్చితంగా ఉండాలి."

"కొలత గురించి నాకు చెబుతున్నావా?"

ఇక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. "నీలా ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పేవాళ్ళు మీ బృందంలో ఇంకెంతమంది ఉన్నారో చెప్పు, అందరికీ చేసిస్తా" అని కూడా అన్నాను. ఐదిళ్ళట.

జూన్ 6

చెక్క కోసం బక్కోడి దగ్గరికి వెళ్ళాను. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. అప్పట్లో గాలి వీస్తే తలుపు పట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు వాడి పొట్ట బల్ల ఇవతల ఉంటే వాడు అవతల ఉంటాడు. పెద్ద కార్ఖానా, కరెంటు రంపాలు, ఎనిమిది మంది పనివాళ్ళు. నేను వెళ్తే మాత్రం లేచి నిలబడి, కోసి మిగిలిన తుంటల గుట్ట చూపించి "మీ ఇష్టం గురువుగారూ, ఎంత కావాలంటే అంత" అంటాడు. ఊరికే ఇస్తాడు. ఇలా ఉచితంగా దొరికిన చెక్కతో చేసిన పెట్టె పిల్లలున్న ఎవరింటికైనా అందుతుంది, అదే దీని గొప్పతనం.

వాణ్ణి చూస్తే నాకెప్పుడూ ఒక డాక్టరు గారి పుస్తకాల బీరువా గుర్తొస్తుంది. పన్నెండు అరలు. బక్కోడు పొడుగాటి పలక మీద పన్నెండు అరలకీ వరసగా గీతలు గీసేసి, గీతల మీదే కోసుకుంటూ పోయాడు. బీరువా నిలబెట్టి అరలు పెడితే ఒక్కోటీ జారి కింద పడింది. డాక్టరు గారు చప్పుడు విని "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చారు. తగల్లేదు. తర్వాత తగిలింది. బక్కోడి చెంప మీద ఒకటిచ్చి, ఇలా అన్నాను, నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "రంపానికీ ఆకలుంటుందిరా. కోసిన ప్రతిసారీ దాని మందం మేర చెక్క తింటుంది. పొట్టుగా రాలేది అదే. అందుకే ఒకటి కొయ్యి, మళ్ళీ కొలువు, అప్పుడు ఇంకోటి కొయ్యి. గీతలన్నీ ఒకేసారి గీసేవాడు వడ్రంగి కాడు, వంటవాడు."

వంటవాళ్ళని ఎందుకు తిట్టానో తెలియదు. ఆ రోజు అన్నం మాడి ఉంటుంది.

జూన్ 9

ఈ రోజు వంద ఒకట్లు కోశాను. ఒక్క రోజులో. సెంటీమీటరు పొడుగు, సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు ఎత్తు. నిన్న ఇరవై పదులు కోశాను, అవి పొడుగాటివి, నింపాదిగా ఒక్కోటీ కొలుచుకుంటూ కోశాను. ఒకట్లకి అంత ఓపిక ఎక్కడిది? బద్ద మీద స్కేలు పెట్టి వరసగా గీతలు గీసేసి, బల్లకున్న పట్టులో బిగించి, గీత మీద గీత కోసుకుంటూ పోయాను. డెబ్భై రెండేళ్ళ చెయ్యి ఒక్కసారి వణికితే ఒట్టు. పదుల్లో పదింటిని అతికించి ఓ వంద పలక. అన్నిటికీ గరుకు కాగితం పట్టాను. పిల్ల చేతికి ముల్లు దిగకూడదు.

నేను కోస్తున్నంతసేపూ వకీలమ్మ పక్కనే గొంతు కూర్చుని, రాలిన పొట్టు ఓ ఖాళీ రేకు డబ్బాలోకి ఎత్తింది.

"అదెందుకే?"

"పారేస్తావా?"

"పారెయ్యకేం చేస్తాం?"

"అయితే నాకు."

వాదనలో ఎప్పుడూ గెలవలేను. డబ్బా ఆమెదే.

జూన్ 10

మూత తీసి పెట్టె చూసుకున్నాను. రెండుసార్లు. మూడు.

జూన్ 14

కీర్తి వచ్చింది. ముసలితనంలో కీర్తి వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఐదిళ్ళకీ ఐదు పెట్టెలు ఇచ్చాను. ఒకావిడ "ఇంత చవగ్గా ఇంత మంచి వస్తువు ఎక్కడా చూడలేదండీ" అంది. చవకేమిటమ్మా, ఊరికే ఇస్తుంటే, అన్నాను. ఒక్కో పెట్టెకీ వంద ఒకట్లు, పెట్టెకొక రోజు. ఒకసారి గాడిలో పడితే బద్ద మీద గీతలు గియ్యడం, కొయ్యడం, అంతే.

వాడే పద్ధతి కూడా నేనే చెప్పాను. "లెక్కపెట్టక్కర్లేదు. ఒకట్లని పది బద్ద పక్కన వరసగా పేర్చండి. దానికి సమానంగా రాగానే వాటిని పెట్టెలో వేసి, బద్ద తీసుకోవడమే. కళ్ళతో చూస్తే చాలు. కొయ్య అబద్ధం చెప్పదు."

ఈ మాట ఐదిళ్ళలోనూ చెప్పాను. ఇంట్లోనూ చెప్పాను. ఒక ఇంట్లో తండ్రి గారు రాసుకున్నారు కూడా.

మూడో తరగతి దాకా చదివినవాడి మాట ఒకరు రాసుకోవడం! మూడో తరగతితో నేను మానేశానని అందరికీ చెబుతాను గానీ, నిజానికి మూడో తరగతికే నన్ను భరించే ఓపిక లేకపోయింది. మిగతా చదువంతా బందులు, మేకులు చుట్టి ఇచ్చే పాత కాగితాల మీద చదువుకున్నదే. అందుకే నాకు ఏ కథకీ మొదలూ చివరా తెలియవు. మధ్యలు తెలుసు.

జూన్ 21

అమ్మాయి మిషను తొక్కుతూనే లెక్కలు అడుగుతుంది. ఈ రోజు నేను కిటికీ దగ్గర కూర్చుని విన్నాను.

"పదిహేడూ ఐదూ?"

చెక్కల చప్పుడు. "ఇరవై ఒకటి."

మిషను ఆగింది. "చెక్కలతో సరిగ్గా చెయ్యి తల్లీ."

మళ్ళీ చెక్కల చప్పుడు. "చెక్కలతో ఇరవై ఒకటి."

"ఇరవై ఎనిమిదీ ముప్పై ఐదూ?"

"అరవై రెండు."

అమ్మాయి నా వంక చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఆఫీసరమ్మ వచ్చే తేదీ ఉంది.

"ఒకటి తగ్గుతోంది నాన్నా. ఎప్పుడూ ఒకటే తగ్గుతోంది."

"పరధ్యానం. పిల్లలకి ఉంటుంది," అన్నాను.

వకీలమ్మ నా వంక చూసి, ఏదో అనబోయి, అనలేదు. వాదించకుండా ఊరుకుంది. ఇది నాకు నచ్చలేదు.

జూన్ 22

చెక్క ముడుచుకుంటుంది. ఎండలకి చెక్క ముడుచుకోవడం సహజం.

జూన్ 27

అమ్మాయి బయటికెళ్ళినప్పుడు పెట్టె తీశాను. పది బద్ద బల్ల మీద పెట్టి, పక్కన పది ఒకట్లు పేర్చాను. సమానంగా రాలేదు. వేలు పట్టేంత సందు. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. తీసేసి చూశాను. పెట్టుకుని చూశాను. కళ్ళద్దాలు మా అల్లుడు చేసిచ్చినవే, వాడు అద్దాలు అరగదీసే పనిలో ఉంటాడు, కాబట్టి తప్పు అక్కడుందేమో అనే మంచి ఆలోచన వచ్చింది. స్కేలు పెట్టి చూశాను. స్కేలు మీదా అనుమానం వచ్చింది. ఇంకో స్కేలు తెచ్చాను.

పదకొండో ఒకటి పెట్టాను. అప్పుడు వచ్చింది సమానంగా. ఓ వెంట్రుక తక్కువ.

చెక్క ముడుచుకుంది, అంతే.

జూన్ 28

పదులూ అదే చెక్క. అదే గుట్టలోది. అవి ముడుచుకోలేదు. దీని గురించి ఆలోచించాలి.

జూన్ 29

ఆలోచించలేదు. వంటింటి సొరుగు బిగుసుకుందంటే బాగు చేశాను.

జూలై 5

రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను. రంపం తినేసింది. వరసగా గీతలు గీశాను, గీతల మీదే కోశాను, ఒక్కో కోతకీ గోరంత మందం రంపం మింగింది, ఒక్కో ఒకటీ ఆ మేరకు పొట్టిదైంది. పది చేరితే ఒక ముక్క మొత్తం మాయం. డాక్టరు గారి బీరువా. అదే తప్పు, అక్షరం అక్షరం. ఆడలేక మద్దెల ఓడని ఎవరో అన్నారంటే నవ్వేవాణ్ణి. నేను మద్దెలని ఎండలో పెట్టి మరీ తిట్టాను.

ఆరిళ్ళలో ఆరుగురు పిల్లలకి పదంటే పదకొండని నేర్పాను. అది కూడా ఊరికే నేర్పాను.

సాయంత్రం అల్లుడు వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

"మామయ్యా, ఇక దాన్ని బడిలో వేసేద్దాం. ఆఫీసరమ్మ వచ్చి కాదని పంపడం కంటే మనమే పంపితే మర్యాదగా ఉంటుంది."

"మళ్ళీ మాట పోతే?" అంది అమ్మాయి.

"మాట కోసం లెక్క పోగొట్టుకుంటామా? చూడు, ఇన్ని నెలలకి ఇరవై రెండు ఇరవై ఒకటైంది. నేను నిన్ను అనట్లేదు. నీకు మిషను పని, మధ్యలో చదువు, ఎంతని చెయ్యగలవు?"

"నాకు చెప్పడం రావట్లేదు, అంతేగా నువ్వనేది?"

వాడు వంగి చెప్పులు విప్పాడు. అమ్మాయి పక్క గదిలోకి వెళ్ళి మిషను తొక్కింది. దారం లేకుండా. వట్టి మిషను చప్పుడుకీ గుడ్డ మీద చప్పుడుకీ తేడా నాకు తెలుసు.

నోరు తెరవాల్సింది నేను. "పిల్ల తప్పు లేదు, తల్లి తప్పు లేదు" అని ఒక్క ముక్క అనాల్సింది. గొంతు బాగాలేదు. రెండు రోజులుగా గరగరగా ఉంది.

జూలై 6

గొంతు బాగానే ఉంది.

జూలై 11

ఐదిళ్ళకీ తిరిగి పెట్టెలు వెనక్కి తెచ్చాను. "మెరుగు పెట్టి ఇస్తాను" అని చెప్పాను. అబద్ధం చెప్పడానికి కూడా వడ్రంగి మాటే దొరికింది.

మొదటి ఇంట్లో ఆవిడ "అయ్యో, ఇప్పుడే బాగున్నాయి కదండీ" అంది. రెండో ఇంట్లో పిల్లవాడు ఒకట్లతో వంతెన కట్టాడు, వాడికి కొలత పట్టింపు లేదు, వాడొక్కడే నన్ను బతికించాడు. నా మాట రాసుకున్న తండ్రి గారి ఇంట్లో మాత్రం ఆయన గుమ్మం దగ్గరే ఆపారు.

"ఒక మాటండీ. మీ చెక్కలు వచ్చినప్పట్నుంచీ మావాడు తప్పులు చేస్తున్నాడు. అంతకు ముందు లెక్కలు సరిగ్గానే వచ్చేవి. చేత్తో చేసే లెక్కకి వాడి బుర్ర అలవాటు పడట్లేదేమో అనుకుంటున్నాం."

"అలవాటు పడుతుంది లెండి," అన్నాను.

ఇంటికొచ్చేసరికి చేతిలో ఐదు పెట్టెలు, ముఖంలో రక్తం లేదు. మా ఇంటి పెట్టె మాత్రం తియ్యలేదు. తీస్తే ఎందుకని అడుగుతారు.

జూలై 13

బక్కోడి దగ్గరికి సంచీతో వెళ్ళాను. సన్న రంపం, పట్టు, కొత్త బద్దలు కావాలన్నాను. వాడు సంచీలోంచి పది ఒకట్లు తీసుకుని, అరచేతిలో వరసగా పెట్టి, బొటనవేలుతో జరిపి, పక్కన పది బద్ద ఆనించాడు. అరచెయ్యి నా వైపు తిప్పాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"గురువుగారూ," అన్నాడు మెల్లిగా, "రంపానికి భోజనం పెట్టలేదా?"

"పెట్టలేదురా."

"గీతలన్నీ ఒకేసారి?"

"ఒకేసారి."

పనివాళ్ళు ఎనిమిది మందీ రంపాలు ఆపి చూస్తున్నారు. నేను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, చెంప చూపించాను.

"కొట్టు. బాకీ తీరిపోతుంది."

"ఇవాళ చేతినిండా పనుంది గురువుగారూ," అన్నాడు వాడు. "ఇంకోసారి రండి."

అని, తన బల్ల ఖాళీ చేసి, కుర్చీ తుడిచి ఇచ్చి, టీ తెప్పించాడు. కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

జూలై 16

మూడు రోజులు వాడి కార్ఖానాలోనే కూర్చుని ఆరు వందల ఒకట్లు కోశాం. ఒకటి కొయ్యడం, కొలవడం, మళ్ళీ కొయ్యడం. కొన్ని వాడు కరెంటు రంపం మీద కోశాడు, ఎక్కువ నేను. పది పేర్చి బద్ద పక్కన పెడితే గోరు దూరే సందు లేదు. నిన్న సాయంత్రమే ఇంటికి తెచ్చెయ్యాల్సింది. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా, మెరుగు పెట్టి ఇస్తానని ఐదిళ్ళలో చెప్పాను, కనీసం ఆ మాటైనా నిజం కావాలని వార్నిషు పూశాను. ఆరడానికి నాలుగు రోజులు.

ఇరవయ్యో తారీకున తెస్తాను. ఆఫీసరమ్మ వచ్చేది ఇరవై ఎనిమిదిన. పాత ఒకట్లు తీసేసి, కొత్తవి పెట్టేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వారంలో పిల్ల లెక్కలు అవే దారిలో పడతాయి. అమ్మాయి తన చదువే ఫలించిందనుకుంటుంది. అందరికీ మంచిదే.

చాలా తెలివైన ఆలోచన. అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 18

ఆఫీసరమ్మ ఈ రోజే వచ్చింది. "ఇటు పక్క వీధిలో పనుండి వచ్చాను, మీదీ చూసేస్తే ఒక పని అయిపోతుంది" అంది. పెద్దావిడ, సంచీ, గొడుగు, చెమట. అమ్మాయి మంచినీళ్ళిచ్చింది.

వరసగా రాయాలని ప్రయత్నిస్తాను.

వకీలమ్మ చదివింది, రాసింది, గడియారం చూసి సమయం చెప్పింది. తర్వాత ఆవిడ పెట్టె చూసింది. "చెక్కలున్నాయే! ఇంట్లో చేసినవా? బాగున్నాయి. అయితే వీటితోనే చేద్దాం. ఇరవై ఎనిమిదీ ముప్పై ఐదూ ఎంత పాపా?"

వకీలమ్మ చెక్కలు ముట్టుకోలేదు. "చెక్కలతోనా, మామూలుగానా?"

"రెండూ ఒకటే కదమ్మా?"

"కాదు. చెక్కలతో అరవై రెండు. మామూలుగా అరవై మూడు."

ఆవిడ కలం మూత తీసింది. "లెక్క ఎలా చేసినా జవాబు ఒకటే ఉండాలి పాపా. ఎందుకు రెండొస్తున్నాయి?"

వకీలమ్మ నా వంక చూసింది. తర్వాత తన కాళ్ళ వంక చూసుకుంది. నోరు మూసుకుంది. పెదాలు లోపలికి మడిచి, చేతులు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. వేళ్ళు చాపి.

అమ్మాయి ముఖం నేను చూడలేకపోయాను. ఆవిడ రాయడం మొదలుపెట్టింది. తలకిందులుగా ఉన్నా చదవగలను, మేకుల పొట్లాల మీద నేర్చిన విద్య. "సంఖ్యల విషయంలో గందరగోళం" అని రాస్తోంది. "గందర" దాకా వచ్చింది.

"అమ్మా, ఆగండి," అన్నాను. "తప్పు పిల్లది కాదు. చెక్కది."

ఆవిడ తలెత్తింది.

"చెక్కది కూడా కాదు. కోసినవాడిది. నాది." మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు, కూర్చుని చెప్పే మాటలా అనిపించలేదు. బద్ద పక్కన పది ఒకట్లు పేర్చి, సందు చూపించాను. పదకొండోది పెట్టి చూపించాను. రంపం గురించి చెప్పాను, గీతల గురించి చెప్పాను. బీరువా గురించి కూడా మొదలుపెట్టాను గానీ అమ్మాయి "నాన్నా" అంది. అది ఆపి అసలు మాటకొచ్చాను: "మూడు వారాలుగా నాకు తెలుసు. వీళ్ళమ్మకి చెప్పలేదు. వీళ్ళ నాన్న బడిలో వేద్దామంటే విని ఊరుకున్నాను. ఈ పిల్లకి లెక్కలొచ్చు. నాకే రావు."

ఆవిడ కలం కింద పెట్టింది.

"నీకు ముందే తెలుసా?" అని ఆవిడ వకీలమ్మని అడిగింది.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"కోసిన రోజు నుంచి." ఇలా అని వకీలమ్మ లోపలికి పరుగెత్తి, రేకు డబ్బా తెచ్చి, మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. "మిగతాది దీంట్లో ఉంది. ఇదీ చెక్కే కదా. తాత దీన్ని లెక్కలో కలపలేదు. ఒక్కో దాంట్లోంచీ కొంచెం కొంచెం ఇందులోకి వచ్చేసింది. పదింట్లోంచి వస్తే ఒకటి మొత్తం."

ఆవిడ డబ్బాలోకి వంగి చూసి, పెద్దగా తుమ్మింది. పొట్టు లేచి ఆవిడ కాగితం మీద పడింది.

"మరి అమ్మ అడిగినప్పుడు తప్పు జవాబెందుకు చెప్పావు?"

"తప్పు చెప్పలేదు. చెక్కలతో చెయ్యమంది. చెక్కలతో అంతే వస్తుంది."

"తాత తప్పు కోశాడని చెప్పొచ్చు కదా?"

వకీలమ్మ ఈ పిచ్చి ప్రశ్నేమిటన్నట్టు చూసింది. "తప్పు చేస్తే నిలబెడతారు. తాతకి మోకాళ్ళ నొప్పులు."

నేను అప్పటికే నిలబడి ఉన్నాను. కూర్చోవాలని గుర్తు రాలేదు.

ఆవిడ కాగితం మీది పొట్టు ఊది, "గందర" కొట్టేసి, ఏదో చాలాసేపు రాసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది కాబట్టి చదవలేకపోయాను. వెళ్తూ గొడుగు మర్చిపోయి మళ్ళీ వచ్చింది. నిర్ణయం ఉత్తరంలో వస్తుందట.

జూలై 19

ఆఫీసరమ్మ వెళ్ళాక మా అమ్మాయి నిన్నంతా నాతో మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున గుడ్డ కత్తిరిస్తూ అంది.

"కుట్టుకి పోయే గుడ్డ వదలకుండా రవిక కత్తిరించావన్నమాట."

"అన్నమాట."

"నేను మొదటి నెలలోనే నేర్చుకున్నాను నాన్నా అది."

"నేనూ మొదటి నెలలోనే నేర్చుకున్నాను."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "నాకు చెప్పడం రావట్లేదని మూడు వారాలు ఏడ్చాను," అంది. నా దగ్గర సామెతలున్నాయి, వాటిని లోపలే పెట్టుకున్నాను.

అల్లుడు అద్దాల మందం కొలిచే పనిముట్టు తెచ్చి, పాత ఒకట్లు ఒక్కోటీ కొలిచాడు. "మామయ్యా, ఇది తొమ్మిది మిల్లీమీటర్లు. ఇది తొమ్మిదిన్నర. ఇది ఎనిమిదీ చిల్లర. తప్పు కూడా సమంగా కొయ్యలేదు మీరు," అన్నాడు. తర్వాత, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ పనిముట్టు ఎలా చూడాలో నేర్పాడు. బడి మాట ఎత్తలేదు.

జూలై 21

కొత్త పెట్టెలతో ఐదిళ్ళకీ వెళ్ళాను. ఈసారి గుమ్మం దగ్గరే నిలబడి, "పాతవి తప్పు కోశాను, మీ పిల్లల బుర్రలో లోపం లేదు" అని ఐదుసార్లు చెప్పాను. నాలుగో ఇంటికొచ్చేసరికి బాగా వచ్చేసింది, కాస్త నటన కూడా కలిసింది, అందుకని ఐదో ఇంట్లో తగ్గించి చెప్పాను. నా మాట రాసుకున్న తండ్రి గారు లోపలికెళ్ళి ఆ పుస్తకం తెచ్చి, నా ముందే ఆ వాక్యం కొట్టేశారు. తర్వాత "కూర్చోండి" అన్నారు.

వంతెన కట్టిన పిల్లవాడు పాత ఒకట్లు తిరిగిమ్మని ఏడ్చాడు. ఇచ్చేశాను. నా పనితనానికి వాడొక్కడే అభిమాని.

జూలై 27

ఉత్తరం రాలేదు. వకీలమ్మ గుమ్మం దాకా వెళ్ళి వస్తోంది. అడిగితే "చెప్పులు చూసుకుంటున్నా" అంటోంది.

ఆగస్టు 2

ఉత్తరం వచ్చింది. అమ్మాయి నిలబడే చదివింది. ఇంకో ఏడాది ఇంట్లోనే చదువుకోవచ్చు. వచ్చే ఏడు భిన్నాలు చూస్తారట. కింద ఆవిడ చేత్తో రాసిన వాక్యం ఒకటుంది: "కొలిచే విషయంలో పాప ఇంట్లోని పెద్దల కంటే ముందుంది." అల్లుడు అది రెండుసార్లు పైకి చదివాడు. ఒకసారి చాలదా?

అమ్మాయి ఉత్తరాన్ని మిషను సొరుగులో పెట్టి, "భిన్నాలకి గుండ్రటి పలకలు కావాలి నాన్నా, సగాలు, పావులు, అరపావులు" అంది. నన్నే అడిగింది.

మధ్యాహ్నం పలక బల్ల మీద పెట్టాను. వకీలమ్మ పెన్సిలు తీసుకుని ఒకే ఒక్క గీత గీసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని పక్కకి నిలబడింది. రంపం పళ్ళు మొద్దుబారి ఉన్నాయి. ఆకురాయి పట్టడంతోనే సాయంత్రమైంది. కొయ్యలేదు.